సగంలో ఆగిన కథను మళ్లీ ఎక్కడ పట్టుకోవాలి?

గళ్లనోటు:
కథ 1100 పదాల దగ్గర ఆగింది. ఇంట్లో పెళ్లి, ఆ వెంటనే ఆఫీసులో ఆడిట్, ఎనిమిది నెలలు ఇట్టే పోయాయి. ఇప్పుడు ఫైలు తెరవడం, మొదటి పేరా దిద్దడం, మూసేయడం. వారంగా ఇదే వరస. మొదట్నుంచీ కొత్తగా రాయాలా, ఉన్నదాన్నే లాగాలా? దీపావళి పోటీకి నెలన్నర గడువుంది. మొత్తం 2000 పదాలు దాటకూడదు.

పెన్సిల్‌ముక్క:
కొత్తగా మొదలెట్టకండి. మొదటి పేరా దిద్దుతున్నంతసేపూ రాస్తున్నట్టే ఉంటుంది, కథ మాత్రం అంగుళం కదలదు. ప్రింటు తీసి ఒక్క బిగిన చదవండి. దిద్దుబాట్లు వద్దు, అనుమానమున్న చోట పక్కన పెన్సిలు గీత చాలు.

చదివాక విడి కాగితం మీద పాత్రల పట్టీ వేసుకోండి: పేరు, వయసు, ఎవరికి ఏమవుతారు, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు. విరామం తర్వాత తెలుగు కథలో ముందు తెగేది ఈ పిలుపే. రెండో పేజీలో మామగారిని ‘మీరు’ అన్న కోడలు ఆరో పేజీలో ‘నువ్వు’ అంటుంది. వదిన కాస్తా అక్క అయిపోతుంది. ‘వస్తాండాడు’ అన్న సీమ మనిషి ఉన్నట్టుండి ‘వస్తున్నాడు’ అంటాడు. యాసలో తరచూ వచ్చే నాలుగైదు క్రియల్ని కూడా ఆ కాగితం మీదే ఉంచండి. ‘వెళ్లింది, చూసింది’ అని నడిచిన కథనం కొత్త భాగంలో ‘వెళుతుంది, చూస్తుంది’లోకి జారడం కూడా మామూలే.

తర్వాత చివరి పేరాను చేత్తో ఎత్తి రాయండి. పాత వాక్యాల నడక చేతికొస్తుంది, ఆ ఊపులోనే కొత్త వాక్యం వేసేయాలి. ఆపేటప్పుడు సీను ముగించి ఆపొద్దు. ‘సీతమ్మ గిన్నె దించి,’ దగ్గర ఆపితే మర్నాడు దారి వెతుక్కోనక్కర్లేదు.

నైట్‌షిఫ్ట్:
రోజూ రాయాలని మాత్రం నియమం పెట్టుకోకండి. ఒక్కరోజు తప్పితే ఎలాగూ తప్పిందని వారం వదిలేస్తారు. వారానికి 4 రోజులు, 20 నిమిషాల చొప్పున, అలారం పెట్టుకుని. మొదలెట్టే వేళను గడియారానికి కాక ఏదైనా పనికి ముడేయండి: పిల్లల బస్సు కదిలాక, స్టవ్ కట్టేశాక, ఏదో ఒకటి. పూటకి 150 పదాలనుకుంటే మిగిలిన 900కి ఆరు పూటలు. రెట్టింపు పట్టినా మూడు వారాలే, మిగతాదంతా దిద్దుకోవడానికే.

పొల్లు:
చాలాసార్లు ఆగేది బుర్ర కాదు, వేళ్లు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎనిమిది నెలలు వదిలేస్తే ఒత్తు వెతుక్కునేలోపు వాక్యం జారిపోతుంది. పొల్లు గుర్తు (్) ‘డి’ మీట మీద ఉంటుంది. ‘క్ర’కి క, పొల్లు, ర, అంటే కె, డి, జె. ఏదైనా వార్త ముందు పెట్టుకుని రోజుకి 10 నిమిషాలు కొట్టండి. ఫోనుకి చెప్పి రాయించడం కథనం వరకు ఫర్వాలేదు. సంభాషణలు దానికి అప్పగిస్తే యాస మాటల్ని తనకొచ్చిన మాటల్లోకి తిప్పేస్తుంది.

గళ్లనోటు:
పాత భాగం అను ఫాంటులో ఉంది. ఫోనులో అంతా ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయి.

పొల్లు:
అది యూనికోడ్ (ఏ ఫోనులోనైనా తెలుగుగా కనిపించే కోడ్) కాదు కదా. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లే, ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే తెలుగు బొమ్మ పడుతుంది. కన్వర్టర్లో వేసేముందు అను వెర్షన్ ఏదో చూసుకోండి, వచ్చాక ఒత్తులన్నీ ప్రింటుతో పోల్చుకోండి. మూల ఫైలు చెరపొద్దు. నన్నడిగితే, 1100 పదాలేగా, ఆ ప్రింటు పక్కన పెట్టుకుని మళ్లీ కొట్టేయండి. పైన ఎత్తి రాయమన్న పని, వేళ్ల సాధన రెండూ అందులోనే అయిపోతాయి.