మెట్ల కింద ఈనిన కుక్క, అయిదు పిల్లలు: చలి నుంచి కాపాడేదెలా?

ప్రశ్న: పొరుగింటివాడు

మా ఇంటి వెనుక మెట్ల కింద ఒక వీధికుక్క నాలుగు రోజుల క్రితం అయిదు పిల్లలను పెట్టింది. నాకు కొంత మచ్చికైన కుక్కే. తిండి పెడితే తోక ఊపుతుంది, పిల్లలను దగ్గరగా చూడనిస్తుంది, కానీ ఎత్తుకోబోతే గుర్రుమంటుంది. రాత్రివేళ ఉష్ణోగ్రత 6, 7 డిగ్రీలకు పడిపోతోంది. మొదటి రోజే రెండు పాత దుప్పట్లను గచ్చు మీద పరిచి, గాలి రాకుండా ముందువైపు ఒక గోనెపట్టా కట్టాను. అయినా నిన్న తెల్లవారుజామున ఒక పిల్ల మిగిలినవాటికి దూరంగా, పట్టాకు బయట, ఉత్త గచ్చు మీద పడి ఉంది. ముట్టుకుంటే చల్లగా ఉంది, అరిచే ఓపిక కూడా దానికి లేదు. చొక్కా లోపల పెట్టుకుని గంటకు పైగా కూర్చున్న తరువాత కదిలింది. తల్లి దగ్గర వదిలితే పాలు తాగింది. అప్పుడే చూశాను, దుప్పట్లు రెండూ అడుగున తడిసి ఉన్నాయి.

ఇంట్లోకి తీసుకురావడం మాకు వీలుపడదు. ఇంకా దుప్పట్లు వేయాలా, వాటిని తీసేసి గడ్డి పరచాలా, లోపల బల్బు వేలాడదీయవచ్చా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: పాత కాపరి

ఆ పిల్ల తనంతట తాను అంత దూరం పాకి ఉండదు. నాలుగు రోజుల పిల్ల తల్లి చనుమొనను గట్టిగా పట్టుకుని ఉన్నప్పుడు తల్లి ఒక్కసారిగా లేచి బయటికి నడిస్తే, పిల్ల దానికి వేలాడుతూ కొంతదూరం వెళ్లి, పట్టు జారి మధ్యలో పడిపోతుంది. కళ్లు, చెవులు ఇంకా తెరుచుకోని పిల్లకు వెనక్కి రావడం తెలియదు. అందువల్ల మీరు మొదట చేయవలసిన పని దుప్పట్లు పెంచడం కాదు, వాకిట్లో ఒక గడప పెట్టడం. 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున్న చెక్కను అడ్డంగా బిగిస్తే తల్లి సులువుగా దాటుతుంది, చనుమొనకు వేలాడే పిల్ల చెక్కకు తగిలి లోపలే జారిపోతుంది.

రెండవది నేల. పిల్లల ఒంటి వేడిని గాలి కంటే గచ్చు ఎక్కువగా లాగేస్తుంది. గచ్చుకు, పడకకు మధ్య కనీసం నాలుగు వేళ్ల ఎత్తు ఖాళీ ఉండేలా ఇటుకల మీద చెక్క పలకలు పరవండి. పలకలు దొరకకపోతే అట్టపెట్టెలను విప్పి అయిదారు పొరలు వేసినా చాలావరకు పనిచేస్తుంది, అయితే తడిసిన అట్టను వెంటనే మార్చాలి.

ఇక దుప్పటి సంగతి. ఇంటి లోపల, రోజూ ఉతికి ఆరేసే చోట దుప్పటి మంచిదే. ఆరుబయట మాత్రం అది పిల్లల మూత్రాన్ని, తల్లి స్రావాన్ని, మంచు తేమను పీల్చుకుని పట్టి ఉంచుతుంది, తడి దుప్పటి మీద పడుకోవడం కంటే ఉత్త చెక్క మీద పడుకోవడమే నయం. పైగా తల్లి కాళ్లతో తవ్వుకున్నప్పుడు మడతలు పడి, వాటి కింద చిక్కిన పిల్ల మీద తెలియక కూర్చుంటుంది. నేనైతే దుమ్ము, బూజు లేని ఎండుగడ్డిని జానెడు మందాన వేస్తాను. గడ్డిపోచల మధ్య నిలిచిన గాలి వేడిని పట్టి ఉంచుతుంది, తడి కిందికి దిగిపోతుంది, తల్లి తనకు కావలసినట్టు గుంట చేసుకుంటుంది. రెండు మూడు రోజులకొకసారి తీసి కొత్తది వేయండి, కానీ ఒక్కసారిగా అంతా మార్చవద్దు, పాత గడ్డి గుప్పెడు లోపల ఉంచితే తన వాసన తనకు దొరుకుతుంది.

చోటు పెద్దదైతే మంచిదనుకుంటారు చాలామంది. వెచ్చదనం విషయంలో అది తప్పు. తల్లి పక్కకు తిరిగి కాళ్లు చాచి పడుకోవడానికి సరిపడా స్థలం, దాని చుట్టూ మరొక బెత్తెడు చాలు. అంతకు మించిన ఖాళీని వేడెక్కించవలసింది ఆమె ఒళ్లే. మెట్ల కింద అట్టలతోనో చెక్కతోనో అడ్డుగోడ కట్టి ఆ మేరకు కుదించండి. దారి గాలి వీచే దిక్కుకు ఎదురుగా ఉండకూడదు. పైభాగంలో చిన్న సందు మాత్రం వదిలిపెట్టండి, లేకపోతే వాటి ఊపిరి తేమ పైకప్పుకు పట్టి తిరిగి పడక మీదికే కారుతుంది.

ఇదంతా తల్లి తిండికి బయటికి వచ్చినప్పుడు చకచకా ముగించాలి. ఎక్కువగా కెలికితే తల్లి పిల్లలను నోట కరుచుకుని మరో చోటికి మార్చేస్తుంది, ఆ కొత్త చోటు మీకు దొరకకపోవచ్చు.

సమాధానం: పశువైద్యురాలు

పైన చెప్పినవన్నీ సబబే. పిల్లల శరీరం గురించి కొంత జోడిస్తాను.

పుట్టిన మొదటి వారంలో కుక్కపిల్లలు చలికి వణకలేవు. పెద్ద కుక్క ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల మధ్య ఉంటే, వీటిది 35 నుంచి 37 వరకే ఉంటుంది, ఆ వేడి కూడా తల్లి నుంచి, తోబుట్టువుల నుంచి తెచ్చుకున్నదే. ఒంటి వేడి 35 కంటే దిగజారితే చప్పరించే శక్తి తగ్గుతుంది, పేగుల కదలిక మందగిస్తుంది. అందుకే చల్లబడిన పిల్లకు జాలిపడి పాలు పట్టడం ప్రమాదకరం. ఆ పాలు అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోయే అవకాశమూ ఎక్కువ. ముందు వెచ్చబరచాలి, అదీ ఒంటికి హత్తుకుని, ఒకటి నుంచి మూడు గంటల వ్యవధిలో, నిదానంగా. వేడినీటిలో ముంచడం, వేడిగాలి పట్టించడం చర్మాన్ని కాలుస్తాయే కాని లోపలి చలిని తీయవు. పిల్ల తనంతట తాను మూతితో వెతకడం మొదలుపెట్టాకే తల్లి దగ్గర పెట్టాలి. మీరు తెలియకుండానే సరైన పని చేశారు.

పిల్లలు పడుకున్న మట్టానికి ఒక థర్మామీటరు ఉంచండి. మొదటి వారం అక్కడ 29 నుంచి 32 డిగ్రీలు, రెండవ వారం 26 నుంచి 29, నాలుగవ వారానికి 21 నుంచి 24 ఉండాలని మేము చెబుతాం. తల్లి ఎప్పుడూ అంటిపెట్టుకుని ఉంటే మరికొంత తక్కువైనా ఫరవాలేదు. అంకెల కంటే పిల్లలు పడుకున్న తీరే మీకు ఎక్కువ చెబుతుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఆగకుండా కూస్తుంటే చలి, ఒకదానికొకటి దూరంగా చాచుకుని రొప్పుతుంటే వేడి. పక్కపక్కన పడుకుని నిద్రలో అప్పుడప్పుడు ఉలిక్కిపడుతుంటే అంతా బాగున్నట్టే. ఆ ఉలికిపాటును వణుకు అనుకుని కంగారుపడి నా దగ్గరికి వచ్చినవారు చాలామంది ఉన్నారు!

చలి వల్ల మరొక ముప్పు ఉంది. కుక్కలకు వచ్చే హెర్పిస్ వైరస్ పెద్ద కుక్క ఒంటి వేడిలో అంతగా పెరగదు, చల్లబడిన పిల్లల ఒంట్లో మాత్రం వేగంగా పెరిగి గుంపునంతటినీ తీసుకుపోగలదు. కాబట్టి వీలైతే వంటింటి త్రాసుతో రోజూ ఒకే వేళకు పిల్లలను తూచండి. సుమారు పది రోజులకు పుట్టినప్పటి బరువు రెండింతలు కావాలి. ఒక్క రోజు కూడా పెరగని పిల్లను ముందుగా గమనించండి.

తల్లి ఒంట్లో వేడి పుట్టాలన్నా, పాలు రావాలన్నా తిండే ఆధారం. మూడు, నాలుగు వారాలప్పుడు దానికి మామూలుకన్నా రెండు మూడు రెట్లు ఆహారం, ఎప్పుడూ గడ్డకట్టని నీరు కావాలి. తల్లి బిగుసుకుపోయి నడవడం, వణకడం, నిలకడ లేకుండా రొప్పడం కనిపిస్తే అది చలి అనుకోవద్దు, కాల్షియం పడిపోయిన లక్షణం కావచ్చు. గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది, వెంటనే వైద్యుడికి చూపించాలి.

సమాధానం: రాత్రికాపలా

బల్బు విషయంలో నాది వ్యతిరేక అభిప్రాయం. ఇప్పటి ఎల్ఈడీ బల్బులు చెప్పుకోదగిన వేడి ఇవ్వవు. వేడినిచ్చే దీపాన్ని గడ్డి మీద వేలాడదీయడమంటే నిప్పును పిలవడమే. నాకు తెలిసిన ఒక షెడ్డులో తల్లి ఎగిరి తీగను లాగేసింది, ఎవరో మెలకువగా ఉండటం వల్ల పిల్లలు దక్కాయి. బొగ్గుల కుంపటి మరీ ప్రమాదం, మూసిన చోట దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

నేను వేడినీళ్ల సీసాలు వాడతాను. నీళ్లు మరగకూడదు, చేత్తో పట్టుకోగలిగినంత వేడి చాలు. మూత బిగించి, మందపాటి గుడ్డ చుట్టి, పడకలో ఒక మూలనే పెట్టాలి, అప్పుడు ఎక్కువ వేడి అనిపించిన పిల్ల రెండోవైపు పాకిపోతుంది. చల్లారిన సీసాను మాత్రం లోపల వదిలేయకండి, అది పిల్లల వేడినే తిరిగి లాగుతుంది. రాత్రి పదకొండుకు ఒకసారి, మూడింటికి ఒకసారి లేవగలిగితేనే ఈ పద్ధతి పెట్టుకోండి.

పొరుగింటివాడు

అందరికీ కృతజ్ఞతలు. ఈ మధ్యాహ్నం తల్లి తింటుండగా ఇటుకలు, పలకలు పేర్చి గడ్డి వేశాను, గడప బిగించాను. తల్లి మొదట గడప దగ్గర ఆగి చాలాసేపు వాసన చూసింది, తరువాత లోపలికి వెళ్లి గడ్డిని తొక్కి చుట్టుకుని పడుకుంది. థర్మామీటరు చీకటి పడ్డాక 24 చూపిస్తోంది. ఒక సీసా పెట్టాను. ఇదంతా ఎన్నాళ్లు కొనసాగించాలి?

పశువైద్యురాలు

తల్లి ఆనుకుని ఉన్నప్పుడు 24 మరీ భయపడవలసినది కాదు, అయితే తెల్లవారుజామున నాలుగింటికి మరొకసారి చూడండి, అప్పుడే అన్నిటికంటే చలి. సీసాలు రెండవ వారం చివరి దాకా పెట్టండి, కళ్లు తెరిచి తడబడుతూ నడిచే పిల్లలు సీసాకు దూరంగా పడుకోవడం మొదలుపెడితే ఇక అవసరం లేదని అర్థం. గడ్డి, పలకలు, గడప మాత్రం చలి పోయేదాకా ఉండనివ్వండి. నాలుగవ వారంలో అవే గడప దూకి బయటికి వస్తాయి.