చదవని పుస్తకాలు 143 ఉన్నాయి, ఎక్కడ మొదలుపెట్టమంటారు?

అందరికీ నమస్కారం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, ఏటా హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో కొత్తవి. ఏడేళ్లుగా కొంటూనే ఉన్నాను. మొన్న బీరువా సర్దుతూ లెక్కపెడితే చదవనివి 143 తేలాయి. అడుగు అరలో ఒకదానికి చెద పట్టింది. అట్ట ఎత్తగానే పేజీలు పొడిపొడిగా రాలాయి. మిగిలిన మొదటి పేజీ మీద నీలం సిరాతో ‘చిరంజీవి అమ్మాయికి, పెళ్లిరోజు కానుక’ అని ఉంది. ఎవరో అంత ప్రేమగా ఇచ్చుకున్న పుస్తకం నా ఇంట్లో చదవకుండానే పోయింది. చాలా బాధేసింది.

మిగతావి దులిపి, నీడలో ఆరబెట్టి, ఎండిన వేపాకు పెట్టాను. ఇక చదవాలి. రాత్రి భోజనాలయ్యాక ఒక గంట దొరుకుతుంది, పాతిక పేజీలు సాగుతాయి. ఆ లెక్కన సుమారు వెయ్యి పేజీల ‘వేయిపడగలు’ ఒక్కదానికే నలభై రోజులు. ఇప్పటికి రెండుసార్లు మొదలుపెట్టి వందో పేజీ దగ్గర ఆగాను. నెల తర్వాత తెరిస్తే ధర్మారావు తప్ప ఎవరూ గుర్తులేరు.

పెద్ద నవల నడుస్తుండగా పక్కన కథల సంపుటి పెట్టుకోవచ్చా, పట్టు తప్పుతుందా? నచ్చని పుస్తకాన్ని మీరు ఎన్ని పేజీలు చూసి వదిలేస్తారు? నేను చదవనని తేలినవి మా శాఖా గ్రంథాలయానికి ఇద్దామని ఉంది. అలా ఇచ్చినవాళ్లుంటే, వెళ్లేముందు ఏం కనుక్కోవాలో చెప్పండి. వచ్చే బుక్ ఫెయిర్ దాకా కొత్తవి కొననని ఇంట్లో మాటిచ్చాను.