ర్యాప్ పోటీలో ‘అండి’: మర్యాదా, తిట్టా?

(మాట్లాడుకునేది ముగ్గురు, ఊరి పేర్లతోనే పిలుద్దాం.)

అమలాపురం: మొన్నటి కాలేజీ ర్యాప్ పోటీలో అవతలివాడు ఆవేశంగా ‘దమ్ముంటే రా’ అని ముగించాడు. మన కోనసీమ కుర్రాడు చేతులు కట్టుకుని అందుకున్నాడు:

రా అన్నారు, వచ్చామండి
రాలిన పరువుకి చేట తెచ్చామండి

హాలు హోరెత్తిపోయింది. బూతు లేదు, ‘ఒరేయ్’ లేదు. ఇందులో కొట్టింది ‘అండి’యేనా? దాన్ని ప్రాస అనొచ్చా?

భీమవరం: ‘అండి’ ప్రాస కాదండి. ఒకే మాట రెండుసార్లు వస్తే అది పునరుక్తే. ప్రాస దాని ముందు ‘చ్చ’లో ఉంది. వచ్చామండి, తెచ్చామండి: రెండో అక్షరం రెండింటిలోనూ చకార ద్విత్వం, దాని ముందున్నవి ‘వ’, ‘తె’ రెండూ గురువులే, అంటే ఒత్తు ముందు బరువెక్కిన అక్షరాలే. అంత్యప్రాసతోపాటు మన ద్వితీయాక్షర ప్రాస లక్షణమూ ఆ మాటల్లో కుదిరింది. చెప్పండి, కప్పండి, విప్పండి కూడా ఈ బాపతే. చూడండి, తినండి అంటే మిగిలేది ఉత్త ‘అండి’.

దెబ్బ మాత్రం ‘రా’లో ఉంది. అవతలివాడి ‘రా’ రమ్మనడమూ అవుతుంది, ఏకవచనపు పిలుపూ అవుతుంది. కుర్రాడు రమ్మనడాన్ని ఉంచుకుని, పిలుపుకి బదులు ‘అన్నారు’ అని బహువచనం పెట్టాడు. ఇంటికొచ్చిన వియ్యంకుడికి చేసే మర్యాద అది! మన వెటకారమంతా అక్కడే ఉంది, ఆయ్.

రాజోలు: బాగానే ఉంది గానీ రెండో పాదం బీటు దాటింది, గమనించారా? నిమిషానికి 90 దెబ్బల బీటు. మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు, గురువుకి రెండు. దెబ్బకి 4 మాత్రల చొప్పున 4 దెబ్బల బారు 16 మాత్రలు, సుమారు 2.7 సెకన్లు. ‘రా అన్నారు’ 7, ఒక మాత్ర విరామం. ‘వచ్చామండి’ 7, మళ్లీ ఒకటి. సరిగ్గా 16. రెండోది రాలిన 4, పరువుకి 4, చేట 3, తెచ్చామండి 7, వెరసి 18. తర్వాతి బారు మొదటి దెబ్బ ‘మం’ నడుమ పడింది.

అమలాపురం: కాస్త తొందరగా పలికితే సరిపోదా అండి?

రాజోలు: తొందరపడితే ముందు నలిగేది ద్విత్వమే. ‘తెచామండి’ అని వినిపిస్తుంది, ప్రాస పోతుంది. ‘రాలిన’ తీసేసి ‘పరువుకి చేట తెచ్చామండి’ అనాలి. 7, విరామం, 7, విరామం. చేట అన్నాక రాలిందని వేరే చెప్పక్కర్లేదు.

భీమవరం: ఒప్పుకుంటాను. కానీ ‘రా’ మీద ‘రా’ పడే సొగసు పోతుందండి, అదొక్కటే బాధ. పోతే, గౌరవంగా కవ్వించడం కొత్తేం కాదు. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి, యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, అంటే జంటకవులు తిరుపతి వెంకట కవులు, తమ మీసాల పద్యంలో ‘కవివరుల్ మము గెల్వుడు’ అన్నారు. ఆ ‘గెల్వుడు’ నేటి ‘గెలవండి’యే. ఓడితే మీసం తీసి కాళ్ల మీద పడతామన్నవాళ్లు కూడా ఎదుటివాళ్లని ‘కవివరుల్’ అనే పిలిచారు.

రాజోలు: ఒక జాగ్రత్త. ‘అండి’ పట్టుకుంటే రౌండు చివరిదాకా పట్టుకోవాలి. ఈ కుర్రాడే ఆరో బారులో ‘నీ పాట’ అని జారాడు. ‘మీ పాట’ అన్నా అవే మాత్రలు, ఆ జారుడు సులువుగా తప్పించుకునేవాడు.