‘పిక్సిలేటెడ్’కి తెలుగులో ఏ మాట?

1936లో ఫ్రాంక్ కాప్రా తీసిన ‘మిస్టర్ డీడ్స్ గోస్ టు టౌన్’ మా అమ్మతో కలిసి చూస్తూ, మాటలు తెలుగులో చెబుతున్నాను. ఒక్క మాట దగ్గర ఆగిపోయాను.

మాండ్రేక్ ఫాల్స్ అనే చిన్న ఊళ్ళో ట్యూబా ఊదుకుంటూ, గ్రీటింగ్ కార్డులకు కవితలు రాసుకుంటూ బతికే డీడ్స్‌కి (గ్యారీ కూపర్) ఉన్నట్టుండి రెండు కోట్ల డాలర్ల ఆస్తి కలిసొస్తుంది. అతను దాన్ని దివాలా తీసిన రైతులకు పంచబోతాడు: తలా పదెకరాలు, ఓ గుర్రం, ఓ ఆవు, విత్తనాలు. మూడేళ్ళు సాగు చేస్తే భూమి వాళ్ళదే. దాంతో మతి చెడిందని అతన్ని కోర్టుకీడుస్తారు. ఊరి నుంచి వచ్చిన ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్ళు గుసగుసలాడుకుని చెప్పే సాక్ష్యం ‘పిక్సిలేటెడ్’. పిక్సీలనే చిట్టి మాయజీవులు పట్టినవాడని అర్థం. ‘గాలి సోకింది’ అందామంటే వేపమండలు గుర్తొస్తాయి. ‘మతిస్థిమితం లేదు’ అంటే ముసలమ్మల నోట్లో డాక్టరు మాట పెట్టినట్టుంది. మీరైతే ఏమంటారండీ?

జవాబు: ‘మాలోకం’ అనండి. మా గోదావరి వైపు ‘వాడో పిచ్చి మాలోకం’ అంటే లోకం పోకడ తెలియనివాడని, మనసు మంచిదని.

జవాబు: మా దిక్కు ఏం తెల్వనోన్ని ‘ఎడ్డోడు’ అంటరు. అదే మాట పగోడు అంటే తిట్టు, అవ్వ అంటే ముద్దు.

జవాబు: రెండూ చక్కటి మాటలే. కానీ ‘మాలోకం’ అన్నంత మాత్రాన ఏ జడ్జీ ఎవర్నీ పిచ్చాసుపత్రికి పంపడు. ఊళ్ళో ముద్దుగా వినబడి, కోర్టులో బరువుగా పడే మాట కావాలి. నా ఓటు ‘వెర్రి’కి. ‘వెర్రిబాగులవాడు’లో ప్రేముంది, ‘వెర్రెత్తింది’లో భయముంది, ‘వెర్రి వెయ్యి విధాలు’ అన్న సామెత ఉండనే ఉంది. కథ చివర డీడ్స్ వాదనా ఆ సామెతే కదా! ఆలోచించేటప్పుడు ఎవరి అలవాటు వాళ్ళదంటూ, తనకు పిచ్చని తేల్చిన డాక్టరు కాగితం మీద గీసుకున్న బొమ్మలు చూపిస్తాడు. ఇంగ్లీషులో ‘డూడుల్’కి ఈ అర్థం జనంలోకి పాకింది ఈ సినిమాతోనే. మనకైతే అవి ‘పిచ్చిగీతలు’. పిచ్చి ఉందన్న డాక్టరు చేతిలోనే పిచ్చిగీతలు! ఈ అందం ఇంగ్లీషు మాటకు లేదు, వదులుకోకండి.

‘పిచ్చిగీతలు’ నాకు తట్టనే లేదండీ, చాలా సంతోషం. రాత్రి అమ్మకి ఆ సీను మళ్ళీ పెట్టి ‘వెర్రిబాగులవాడు’ అని చెప్పాను. ‘మరి ఊళ్ళో ఇంకెవరికీ లేదా ఆ వెర్రి?’ అని అడిగింది. సరిగ్గా అదే ప్రశ్న తర్వాత కోర్టులోనూ వేస్తారు. ముసలమ్మల జవాబు: తామిద్దరికీ తప్ప ఊరందరికీ ఉందట, ఎదురుగా కూర్చున్న జడ్జిగారితో సహా.