మోటుపల్లి రేవు చూడడానికి పోతే అక్కడ ఏమన్నా కనిపిస్తుందా?

మిర్యాలగూడ నాన్న:
అందరికీ నమస్కారం. ఎండాకాలం సెలవుల్లో చీరాల బీచ్‌కు పోవడం మా ఇంట్లో అలవాటు. ఈసారి మా పాప సోషల్ పుస్తకంలో మోటుపల్లి కాకతీయుల ఓడరేవు అని చదివి, అది చీరాల దగ్గరే కదా, చూపించాల్సిందే అని పట్టుకుంది. ఫోన్‌లో మ్యాప్ తీస్తే నాకు ఇసుక, తోటలు, సముద్రం తప్ప ఏమీ కనపడలేదు. ఓరుగల్లు ఎక్కడ, ఈ ఊరెక్కడ? కోట గోడలో, ఓడలు కట్టేసే గట్టో ఏమన్నా మిగిలిందా? ఊరికే అంతదూరం తిప్పి ఇసుక చూపిస్తే ఇంట్లో నాకు మాటలు తప్పవు.

పానగల్లు రాళ్లు:
కోట, గట్టు అనుకుని పోతే మాత్రం నిరాశే. మీరు చూడాల్సింది వీరభద్రస్వామి గుడి మండపంలో ఉన్న శాసన స్తంభం. గణపతిదేవుడు 1244-45లో వేయించాడు, అభయ శాసనం అంటారు. అంతకుముందు రాజుల పద్ధతి ఎట్లుండేదంటే, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయలుదేరిన ఓడ తుఫానులో చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ ఆ ఒడ్డు ఎవరిదో ఆ రాజే లాక్కునేవాడు. బతికి బయటపడ్డ వర్తకుడికి చేతిలో చిల్లిగవ్వ మిగిలేది కాదు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ల దగ్గర ఇక మీదట ఖాయం చేసిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని గణపతిదేవుడు రాతి మీద రాయించాడు. ఎగుమతికీ దిగుమతికీ ముప్పయ్యో వంతు. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, వక్కలు, దేనికెంతో కూడా అందులోనే ఉంది. మాట మార్చకుండా రేటు ముందే రాసిపెట్టడం ఇవాళ్టి ఆఫీసుల్లో కూడా అరుదే కదా. 1323లో ఓరుగల్లు పడిపోయాక కూడా ఈ ఊరి పని అయిపోలేదు. కొండవీటి అనపోతారెడ్డి 1358లో ఇక్కడే మళ్లీ వర్తకులకు హామీ ఇస్తూ శాసనం వేయించాడు, సంస్కృతంలో, తెలుగులో, తమిళంలో. తమిళం ఎందుకంటే ఆ వైపు వర్తకులు చోళుల కాలం నుంచీ ఇక్కడికి వస్తూనే ఉన్నారు.

మిర్యాలగూడ నాన్న:
బాగుంది సార్, కానీ గట్టే లేకపోతే ఓడలు ఎక్కడ ఆగేవి?

నకిరేకల్ ఆడపడుచు:
నేను పుట్టింది నకిరేకల్, మెట్టింది చినగంజాం పక్కన, కాబట్టి నన్ను చెప్పనివ్వండి. ఈ తీరం అంతా తిన్నగా ఉంటుంది అన్నా. కాకినాడకు అడ్డంగా హోప్ ఐలాండ్ ఉన్నట్టు ఇక్కడ అలలకు అడ్డమే లేదు. పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు, లోతు నీళ్లలో లంగరేసి నిలబడితే చిన్న పడవలు అలల మీదుగా పోయి సరుకు దింపుకొచ్చేవి. మద్రాసులో కూడా హార్బర్ కట్టేదాకా ఇదే పద్ధతి. అందుకే మిగలడానికి కట్టడం అంటూ ఏదీ లేదు.

ఊరు చూడాలంటే ఇసుక మిట్టలు చూడండి. సరుగుడు తోటలు, తాటిచెట్లు, వేరుశనగ. మన దగ్గర వందల అడుగులు బోరు దింపినా ఫ్లోరైడ్ నీళ్లే వస్తాయని ఏడుస్తాం కదా, ఇక్కడ సముద్రం పక్కనే ఇసుకలో గుంత తీస్తే తియ్యటి నీళ్లు! వాన నీళ్లు ఇసుకలోకి దిగి కింద ఉప్పునీటి మీద తేలి ఉంటాయట. ఆ గుంతనే దొరువు అంటారు, దాన్నుంచి తోడుకునే పంటలు పండిస్తారు. మరీ లోతుగా తవ్వినా, మోటారు పెట్టి గట్టిగా లాగినా ఉప్పు ఎక్కుతుంది. కాస్త లోపలికి వస్తే చినగంజాం ఉప్పు మడులు, ఎండాకాలమైతే తెల్లటి కుప్పలు. ఒడ్డున పాలేల్లో జాలర్లు. నలుగురూ కలిసి ఒడ్డు మీద నిలబడి లాగే అలివి వల కనిపిస్తే పాపకు తప్పక చూపించండి.

ఎడమకాల్వ:
ఒక మాట. మార్కోపోలో మోటుపల్లిలో దిగి రుద్రమదేవిని చూశాడని వీడియోల్లో ఊదరగొడుతుంటారు, పాపకు అది చెప్పకండి. ఆయన ముట్ఫిలి అనే రాజ్యం గురించి రాశాడు, అది మోటుపల్లే అంటారు, అంతవరకు సరే. స్వయంగా వచ్చాడా, నావికుల నోట విన్నాడా అన్నదాని మీద వాదన ఉంది. మొగుడు పోయాక రాణి నలభై ఏళ్లు ఏలింది అన్నాడు, రుద్రమ గణపతిదేవుడి కూతురు, భార్య కాదు. లోయలోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాలను పక్షులు పైకి తెస్తాయన్నది కూడా చాలా దేశాల్లో చెప్పుకునే కథే. కానీ వజ్రాలు మాత్రం నిజమే. తర్వాతి కాలంలో పేరు మోసిన కొల్లూరు గనులు మన మేళ్లచెరువు వైపు నుంచి చూస్తే కృష్ణకు అవతలి ఒడ్డునే ఉండేవి, ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉన్నాయి. ఇక్కడి సన్నబట్టలను కూడా ఆయన తెగ మెచ్చుకున్నాడు, చీరాలలో మగ్గాలు చూస్తే అదొక్కటీ నమ్మబుద్ధవుతుంది.

దారి అంటారా, వాడపల్లి, పిడుగురాళ్ల మీదుగా అద్దంకి పోయి అక్కడి నుంచి చీరాల వైపు తిరగండి.

నకిరేకల్ ఆడపడుచు:
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మోటారు బోట్లు పోవు, తాజా చేపల మీద ఆశ పెట్టుకోకండి. మోటుపల్లి దగ్గర పిల్లలను నీళ్లలోకి దింపొద్దు, పక్కకు లాగే అల ఉంటుంది, చూసేవాళ్లు కూడా ఉండరు. శాసనం తెలుగులో అచ్చయిన పాఠం దొరికితే ముందే చదువుకుని రండి, ఆ రాతి మీది అక్షరాలు మనకు అర్థం కావు.

మిర్యాలగూడ నాన్న:
సెలవులిచ్చేదే ఏప్రిల్ చివర అక్కా, చేపల సంగతి వదిలేశాం. పాప ఇప్పుడు ఇంకో ప్రశ్న వేస్తోంది, చిన్న పడవల్లో సరుకు సరే, ఏనుగులను ఎట్ల దింపేవాళ్లని. పానగల్లు సార్, మీరే చెప్పాలి.