నాలుకను చెంచాతో అదిమి పాడే సాధన: మేలా, కీడా?

పాలమూరు తాళం:
కొన్ని భజన మండళ్లల్ల ఒక సాధన నేర్పుతున్నరు. నోరు బాగా తెరిచి, స్టీలు చెంచాతోని నాలుకను కిందికి అదిమిపట్టి, అట్లనే "ఆ" మీద సరళీ వరుసలు (స రి గ మ తొలి పాఠాలు) పాడాలె. నాలుక పడుకుంటే గొంతు తెరుచుకుంటదని వాళ్ల మాట. దీనితోనే గొంతు ఇంకింత బిగుస్తదని ఇంకొందరి మాట. మన్యంకొండ, కురుమూర్తి దిక్కు పాడే మండళ్లల్ల తార స్థాయికి (పై స్వరాలకు) పోంగనే మెడ నరాలు తేలుడు, తెల్లారేసరికి గొంతు బొంగురుపోవుడు మామూలైంది. ఏది నిజమో కారణంతోని చెప్పుండ్రి.

మూసీ ఒడ్డు:
చెంచా తప్పు. నాలుకల ఎముక లేదు, అంతా కండనే. కండను ఒత్తితే చిన్నగ కాదు, ఇంకో దిక్కుకు జరుగుతది. నీళ్ల ప్యాకెట్‌ను ఒక కొసకు అదిమితే రెండో కొస ఉబ్బుతది కదా, గట్లనే ముందు భాగం అణిస్తే నాలుక మొదలు గొంతులకు పోతది. అద్దంల చూస్తే నోరంత ఖాళీగ, కొండనాలుక సుత కనబడుతది కాబట్టి దారి తెరుచుకున్నదనిపిస్తది. ఇరుకైంది అద్దానికి కనబడని చోట.

నాలుక మొదలు హయాయిడ్ అనే ఎముకకు అతుక్కొని ఉంటది. గుర్రపు నాడా ఆకారం. అది వేరే ఏ ఎముకతోనూ కలవదు, కండరాల మీదనే వేలాడుతది. స్వరపేటిక దాని కింద వేలాడుతది. పై స్వరానికి పోవాలంటే స్వరపేటికల ముందటి మృదులాస్థి (మెత్తటి ఎముక) జర వంగి తంత్రులను, అంటే గొంతుల శబ్దం పుట్టించే మడతలను, సాగదియ్యాలె. పైనుంచి నాలుక మొదలు తొక్కుతుంటే ఆ వంగుడు సాగదు. స్వరం అందకపోయేసరికి గాలి ఎక్కువ కొడతరు, మెడ బిగిస్తరు. మీరు చెప్పిన నరాలు తేలుడు అదే.

బిగువు ఉందా లేదా చూసుకునుడు సులువు. గదుమ ఎముక వెనక మెత్తటి గుంతల బొటనవేలు పెట్టి ఒక్క గుటక మింగుండ్రి. కండ వేలిని కిందికి నెడతది. ఇప్పుడు వేలు తియ్యకుండ మధ్య షడ్జమం (నడిమి స) నుంచి తార షడ్జమం (పై స) దాకా పాడుండ్రి. ఏ స్వరం కాడ గుటక మింగినట్టు వేలికి తగులుతదో, బిగువు ఆడ మొదలైంది.

నల్లగొండ స్వరం:
అన్నా, మీరు చెప్పిన నిర్మాణం సరైనదే. చెంచాను పూర్తిగా తీసెయ్యమంటే మాత్రం ఒప్పుకోను. కొందరికి నాలుక వెనుక భాగం గుట్టలా లేచి అంగిలికి ఆనుతుంది, శబ్దం ముక్కులోకి పోతుంది. అది లేచిందని వాళ్లకే తెలియదు. అలాంటివారికి చెంచా అడుగును నాలుక మధ్యన ఊరికే ఆనించి, శబ్దం చెయ్యకుండా, అయిదు సెకన్లు ఊపిరి తీసుకోమంటే ఎక్కడ లేస్తుందో స్పర్శ తెలుస్తుంది. అదమడం వేరు, ఆనించడం వేరు. పాడేటప్పుడు పెట్టడం నేనూ ఒప్పుకోను.

మీ బొటనవేలి పరీక్షలో ఒక లోపం ఉంది. "ఈ" పలికితే ఆరోగ్యంగా పాడేవారికి కూడా ఆ గుంత కొంచెం గట్టిపడుతుంది. నాలుకను ముందుకు లాగే కండరం పని చేస్తుంది కాబట్టి. దాన్ని బిగువు అనుకుని "ఈ"ని చంపుకోకూడదు.

మూసీ ఒడ్డు:
ఒప్పుకుంట. పరీక్ష "అ" మీదనే చెయ్యాలె.

మీరు "ఈ" ముచ్చట తెచ్చిండ్రు గనుక అసలు గొడవ చెప్త. సాధన "ఆ"తోని మొదలువెట్టుడే బిగువున్నోళ్లకు కష్టం. "ఆ" అన్నప్పుడు నాలుక మొదలు సహజంగనే వెనక్కి పోయి గొంతు వెనక దారి ఇరుకైతది. "ఈ" అన్నప్పుడు ముందుకొచ్చి దారి వెడల్పైతది. అందుకని నాలుక కొనను కింది పండ్లకు ఆనించి, ఒక్క స్వరం మీద, ఒక్క ఊపిరిల ఈ-ఏ-ఆ అని మెల్లగ మారాలె. కొన పండ్లను విడిచి వెనక్కి జారితే ఆగి మళ్ల "ఈ" కాడికి రావాలె. అయిదారు సార్లు చేసి, అరమెట్టు పైకి జరుపుండ్రి.

ఇంకోటి మన భాషోళ్లకు అల్కగ వచ్చేది: "ర్ర్ర్ర్" అని నాలుక కొన ఆడిస్తూ స రి గ మ ప. మొదలు బిగిస్తే కొన ఆడదు. ఏ స్వరం కాడ ర్ర్ర్ తెగుతదో ఆడనే పట్టు ఉన్నట్టు.

డోలు దెబ్బ:
ఇవన్నీ గదిల కూసొని పాడేటోళ్లకు. పెద్దగట్టు జాతరల డోళ్ల నడుమ ఒగ్గు కథ చెప్పేటాయన మెత్తగ పాడితే ఎవలికి వినబడుతది? గొంతు ఒక్కసారి పగలాలె, అప్పుడే గట్టిపడుతదని పెద్దలు ఊకెనే అనలే.

దేవరకొండ శ్రుతి:
తమ్మీ, పగిలిన గొంతు గట్టిపడదు. తంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటే వాస్తయ్, అదే రోజూ సాగితే కాయలు కాస్తయ్. కాయ కాసిన తంత్రులు పూర్తిగా మూసుకోవు, గాలి కారుతది.

డోలు మీద వినబడాలంటే కావాల్సింది మోగుడు. సుమారు 3000 హెర్ట్జ్ దగ్గర మన చెవి చురుకు. అక్కడ బలమున్న గొంతు డోలు హోరు మీద తేలుతది. నాలుక మొదలు వెనక్కి పోతే ఆ మోగుడే పోతది. పాడేటోళ్లకు తెల్వదు, ఎందుకంటే తమ గొంతు ఎముకల గుండా లోపలికి వినబడి గంభీరంగ అనిపిస్తది. ఫోన్‌ను పదడుగుల దూరం పెట్టి రికార్డు చేస్తే బయటికి ముద్దగా వచ్చేది దొరుకుతది.

శ్రుతి సంగతి ఇంకా ఎవ్వరూ ఎత్తలేదు. హార్మోనియం నాలుగు శ్రుతిల (ఎఫ్ మెట్టు స) పెడితే తార షడ్జమం, ఒకటిన్నర శ్రుతిల (సి షార్ప్ మెట్టు స) తార అంతర గాంధారం (పై గ), రెండూ ఒకటే మెట్టు. మామూలు మగ గొంతు సులువుగ పోయే అంచు అక్కడక్కడనే. నాలుగుల పాడేటాయన షడ్జమానికే అంచు మీద నిలబడ్డడు, ఆ పైన పంచమం అడిగితే నాలుక గుంజక ఏం చేస్తది? ముందు శ్రుతి దించుండ్రి, తర్వాత నాలుకను అనుండ్రి.

జాతరకు ముందు స్ట్రా సాధన చాలు. గ్లాసుల నీళ్లు పోసి, స్ట్రా కొసను రెండు మూడు సెంటీమీటర్లు ముంచి, పెదవులు గట్టిగా మూసి "ఊ" అని కింది నుంచి పైకి జారాలె. రెండు మూడు నిమిషాలు. బుడగలు ఒక్క తీరుగ రావాలె, తెగితే ఆడ ఊపిరి ఆగింది. నోట్లె నిలిచిన ఒత్తిడి తంత్రులను జర ఎడంగ ఉంచుతది, దెబ్బ తగ్గుతది. స్ట్రాను ఇంకా లోతుకు ముంచితే ఊదుడు బరువై మెడ మళ్లీ బిగుస్తది.

పాలమూరు తాళం:
శ్రుతి ఎప్పుడూ నాలుగే మా దిక్కు. మార్చి చూస్తం. ఇప్పటికే బొంగురు పట్టినోళ్లు ఇవి చెయ్యొచ్చునా? మిరియాల పాలు తాగితే తగ్గుతదంటరు.

నల్లగొండ స్వరం:
తాగింది అన్నవాహికలోకి పోతుంది, తంత్రులను తాకదు. పాలు హాయినిస్తాయి, అంతే. రెండు రోజులు పాటా అరుపూ మానాలి. గుసగుసగా మాట్లాడినా గొంతుకు శ్రమే. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే ఏ సాధనా వద్దు, ఈఎన్‌టీ డాక్టరు కెమెరాతో చూడాలి. నోటి గుండా చూసేటప్పుడు ఆయన నాలుకను గుడ్డతో పట్టుకుని "ఈ" అనమంటాడు, "ఆ" కాదు. "ఈ" అంటేనే నాలుక మొదలు ముందుకు తప్పుకుని తంత్రులు కనిపిస్తాయి.