'పీపుల్స్' చివరి 'స్'ను తెలుగులో ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: కెనడా గురించిన వ్యాసం ఒకటి అనువదిస్తున్నాను. మూలంలో 'ఇండియన్', 'అబొరిజినల్', 'ఫస్ట్ నేషన్స్', 'ఇండిజినస్ పీపుల్స్' అని నాలుగు మాటలున్నాయి. నాలుగింటికీ 'ఆదివాసులు' అనే రాశాను. సంపాదకులు ఎర్ర సిరాతో తిప్పి పంపారు. ఇవన్నీ నిజంగా వేర్వేరు మాటలేనా?

జవాబు: వేర్వేరేనండి, మీ సంపాదకులది చాదస్తం కాదు. అక్కడ 'ఇండియన్' అని మనిషిని పిలిస్తే మొరటుగా ఉంటుంది, చట్టంలో మాత్రం అది ఇంకా చెల్లుతోంది. 1876 నాటి ఇండియన్ యాక్ట్ నేటికీ ఆ పేరుతోనే అమల్లో ఉంది. కాబట్టి చట్టం మాట వచ్చినచోట 'ఇండియన్' అనే ఉంచండి. 1982 రాజ్యాంగ చట్టం 35వ సెక్షన్ ప్రకారం 'అబొరిజినల్ పీపుల్స్' అంటే ఇండియన్లు, ఉత్తరాది మంచు ప్రాంతాల ఇనూయిట్లు, ఐరోపావారికీ స్థానికులకూ పుట్టిన సంతతి నుంచి ఏర్పడిన మేటీలు (మన 'మేటి'తో చుట్టరికం లేదు). ఆ ఇండియన్లకే నేటి పేరు 'ఫస్ట్ నేషన్స్', అందులో చివరి ఇద్దరూ రారు. దాన్ని 'ప్రథమ జాతులు' అంటే ర్యాంకులు ప్రకటించినట్టుంటుంది. నేనైతే అలాగే ఉంచేస్తాను.

ఇంకొకరి జవాబు: అసలు తగవు 'ఇండిజినస్ పీపుల్స్' చివరి 'స్' దగ్గరుంది. 'పీపుల్' అంటే ఉత్త జనం, 'పీపుల్స్' అంటే వేటికవే ప్రత్యేకమైన జాతులు. 1993ను ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆదివాసుల సంవత్సరంగా జరిపినప్పుడు పేరులో 'పీపుల్' అనే ఉంది. ఆదివాసుల హక్కులపై అదే సమితి చేసిన 2007 నాటి ప్రకటనలో అది 'పీపుల్స్' అయింది. 'పీపుల్స్' అందరికీ స్వయంనిర్ణయాధికారం ఉందని 1966 నాటి అంతర్జాతీయ ఒడంబడికలు చెబుతున్నాయి. 'స్' ఒప్పుకుంటే ఆ హక్కూ ఒప్పుకోవాలేమోనని ప్రభుత్వాల బెంగ. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1957 ఒప్పందంలో 'పాపులేషన్స్' (జనాభాలు) అని ఊరుకుంది. 1989లో 'పీపుల్స్' అని రాసింది గాని, అంతర్జాతీయ న్యాయంలో ఆ మాటకున్న హక్కులు ఇక్కడ వర్తిస్తాయని అనుకోవద్దని పక్కనే ఒక వాక్యం తగిలించింది! ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కోవడమే.

మన 'ప్రజలు' ఎప్పుడూ బహువచనమే. 'ఆదివాసీ ప్రజలు' అంటే ఆ 'స్' కనబడకుండా పోతుంది. 'ఆదివాసీ జాతులు' అంటే నిలుస్తుంది. జాతి అనగానే రంగూ రక్తమూ అనుకోనక్కర్లేదు, 'తెలుగుజాతి' అన్నప్పటి అర్థమే ఇక్కడా. 'గిరిజనులు' మాత్రం వద్దు. మంచు తీరాల్లో సీల్ చేపలను... క్షమించాలి, సీల్ జంతువులను వేటాడే ఇనూయిట్లకు గిరి ఎక్కడిది?

ప్రశ్న అడిగినవారు: బాగా విడమరిచారు. ఒక సందేహం. 'ఇనూయిట్' వాళ్ళ భాషలోనే బహువచనమట, ఒక్కరైతే 'ఇనూక్' అట. మళ్ళీ 'లు' చేర్చవచ్చా?

జవాబు: తెలుగులోకి వచ్చాక 'లు' తప్పదండి, 'ఇనూయిట్ వచ్చారు' అంటే చదివేవారు తడబడతారు. ఒక్కరినే చెప్పేచోట 'ఇనూక్' అనండి.

ప్రశ్న అడిగినవారు: నా వ్యాసంలో 'ఒక ఇనూయిట్ ముసలాయన' ఉన్నాడు. దిద్దుతున్నాను.